కార్డు టెస్టులో నెగెటివ్ వస్తే మలేరియా లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. నాలుగు రోజులుగా చలిజ్వరం వచ్చి పోతోంది. రెండో రోజున వేలి నుంచి రక్తం తీసి కార్డు టెస్టు చేసి, మలేరియా లేదన్నారు. కాగితపు పట్టీతో చేసే ఇంత చవక పరీక్షను నమ్మవచ్చా?

సలహా: నమ్మవచ్చు. అయితే జ్వరం ఇంకా తగ్గలేదు కాబట్టి, ఆ ఒక్క ఫలితంతో మలేరియా లేదని నిశ్చయించుకోకండి. ఈ రోజే వైద్యుణ్ని కలవండి. కార్డు టెస్టు మళ్లీ చేయించుకోవడంతో పాటు, రక్తపు స్మియర్‌ను (గాజు పలకపై పలుచగా పూసిన రక్తపు చుక్కను) మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. డెంగీ, టైఫాయిడ్ వంటి ఇతర కారణాలనూ వైద్యులు పరిశీలిస్తారు.

ధర తక్కువన్నంత మాత్రాన ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోనక్కర లేదు. కార్డులోని నైట్రోసెల్యులోజ్ అనే కాగితం లాంటి పదార్థపు పట్టీ ద్రవాన్ని దానంతట అదే పీల్చుకుంటుంది కాబట్టి పంపు, కరెంటు, యంత్రం అవసరం ఉండవు. రక్తంలో మలేరియా పరాన్నజీవి ప్రోటీన్ ఉంటే, అతి సూక్ష్మమైన బంగారు కణాలకు అతికించిన యాంటీబాడీలు (ఒక నిర్దిష్ట పదార్థాన్నే పట్టుకునే ప్రోటీన్లు) దాన్ని పట్టుకుని పట్టీ వెంట సాగి, టెస్టు గీత వద్ద అమర్చిన యాంటీబాడీలకు చిక్కుకుంటాయి. అక్కడ పోగుపడిన బంగారు కణాలే మనకు ఎర్రటి గీతగా కనిపిస్తాయి. పరీక్ష సరిగా జరిగిందని తెలిపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. కొత్త కార్డుతో మళ్లీ చేయాలి.

చిక్కంతా రక్తంలో పరాన్నజీవులు తక్కువగా ఉన్నప్పుడే. మైక్రోలీటరు రక్తంలో సుమారు 100 నుంచి 200 పరాన్నజీవులైనా లేకపోతే చాలా కిట్లలో గీత రాకపోవచ్చు; జ్వరం మొదలైన తొలి రోజుల్లో అంతకంటే తక్కువ ఉండే అవకాశం ఉంది. మలేరియా పరాన్నజీవుల్లో ఒకటైన ఫాల్సిపేరమ్‌కు చెందిన కొన్ని రకాల్లో హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లోపించడంతో, దాన్ని మాత్రమే వెతికే కార్డులు వాటిని గుర్తించలేవు. ఎండకు, తేమకు గురైన కిట్లూ తప్పు ఫలితం ఇవ్వవచ్చు.

కాగితపు పరీక్షలను ఇంకా మెరుగుపరచవచ్చు. 2007లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రసాయన శాస్త్రవేత్త జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాగితంపై తడి దాటని హద్దులు ఏర్పరచి, మూత్రంలోని గ్లూకోజును, ప్రోటీనును ఒకే ముక్కపై గుర్తించింది. ఒక నమూనాతో పలు పరీక్షలు చేసే మార్గాన్ని అది చూపింది. ఖర్చు పెంచకుండా అతి స్వల్ప మోతాదులనూ పసిగట్టే కాగితపు పరీక్షలు మనకు ఎంతో అవసరం.

ఒకవేళ మలేరియా అని తేలితే, చికిత్స తర్వాత నయమైందో లేదో హెచ్‌ఆర్‌పీ2 కార్డుతో చూసుకోవద్దు. పరాన్నజీవులు నశించినా ఆ ప్రోటీన్ వారాల తరబడి రక్తంలో ఉండవచ్చు. ఈలోగా మగత, మూర్ఛ, ఆయాసం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం వంటివి కనిపిస్తే ఏ ఫలితం కోసమూ ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.