‘పర్లేదులే’ అంటే తప్పు పోయిందనా?

ప్రశ్న: మా వాడికి పదమూడేళ్ళు, ఆటిజం ఉంది. మే నెలలో గంగమ్మ జాతరకు తీసుకెళ్ళాం. డప్పుల మోతకి చెవులు మూసుకుని అరిచాడు. పట్టుకోబోయిన వాళ్ళ అవ్వను తోసేశాడు, ఆమె మణికట్టు వాచింది. ఇంటికొచ్చాక చెంపలేసుకోమంటే గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ‘తప్పు చేశాననే బాధే లేదు వీడికి’ అన్నారు చుట్టాలు. కానీ రెండు నెలలుగా రోజూ రాత్రి ‘అవ్వ చెయ్యి నొప్పా?’ అని పదిసార్లు అడుగుతాడు, తల కొట్టుకుంటాడు. పర్లేదులే అని ఎన్నిసార్లు చెప్పినా ఆగడం లేదు.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: బాధ లేని పిల్లవాడు రెండు నెలల పాటు ఆ చేతి గురించి అడగడమ్మా. చుట్టాలు చూసింది వాడి ముఖాన్ని. ఆటిజం ఉన్నవాళ్ళలో లోపలి బాధ ముఖంలో కనిపించాలనేం లేదు. పైగా వీళ్ళలో దాదాపు సగం మందికి అలెక్సితైమియా ఉంటుంది. గుండె దడ, కడుపులో తిప్పడం తెలుస్తాయి గానీ, అది భయమో, సిగ్గో, తప్పు చేశానన్న బాధో తేల్చుకోలేరు. మీ వాడు రాత్రిళ్ళు అడిగే ప్రశ్న ఆ పేరు తెలియని బాధే.

జాతరలో జరిగింది మెల్ట్‌డౌన్, మారాం కాదు. మారాం చేసేవాడు అడిగింది ఇస్తే ఆగుతాడు. మెల్ట్‌డౌన్‌లో మోత, జనం తాకిడి భరించే హద్దు దాటిపోయి ఒళ్ళే వశం తప్పుతుంది. ఆ వెంటనే గుంజీలు తీయించినా, ‘కళ్ళలోకి చూసి సారీ చెప్పు’ అన్నా ఏదీ బుర్రకెక్కదు, ఇంకో మెల్ట్‌డౌన్ రావచ్చు. తిని, పడుకుని లేచాక, మర్నాడైనా సరే, అప్పుడు మాట్లాడాలి.

ఇక ఆ ‘పర్లేదులే’. నిజంగా మనసులోంచి తీసేసినా ఇదే మాట అంటాం, కోపం దిగమింగుకున్నా ఇదే మాట అంటాం. ‘పోనీలే’, ‘సరేలే’ కూడా అంతే. తేడా అంతా గొంతులో ఉంటుంది, మీ వాడికి చిక్కనిది సరిగ్గా అదే. పైగా మీరు ఒకసారి పర్లేదులే అంటారు, ఇంకోసారి ‘చెప్పాను కదరా’ అంటారు, విసిగితే ‘మళ్ళీ అడిగావంటే చూడు’ అంటారు. మూడు రకాల జవాబులు వస్తే సంగతి ఇంకా తేలలేదనే వాడి లెక్క.

కాబట్టి కాగితం మీద తేల్చండి. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు, వాడి మాటల్లోనే ఐదు వాక్యాలు రాయండి: ‘జాతరలో మోత ఎక్కువైంది. నేను అవ్వను తోశాను. అవ్వ చెయ్యి వాచింది. కావాలని తోయలేదు, కానీ అవ్వకు నొప్పి పుట్టింది. ఇప్పుడు చెయ్యి బాగుంది.’ నాలుగో వాక్యంలో రెండు సగాలూ ఉండాలి. ‘నీ తప్పేం లేదు’ అని ఊరుకుంటే, కళ్ళారా చూసిన వాపుతో ఆ మాట వాడికి పొసగదు. తర్వాత సరిదిద్దే పని ఒకటి పెట్టండి: మూడు రోజులు సాయంత్రం అవ్వకు కాఫీ అందించడం చాలు. ఏ రోజుకారోజు టిక్కు పెట్టించండి. మూడో రోజు అవ్వ చేత ‘ఈ సంగతి అయిపోయింది. నాకు కోపం లేదు’ అని రాయించి తేదీ వేయించండి. రాయడం రాకపోతే వేలిముద్ర వేస్తుంది. ఆమెకు ఇంకా కోపం ఉంటే మాత్రం అది పోయేదాకా ఆగండి, అబద్ధం రాయించొద్దు.

ఆపైన అడిగినప్పుడల్లా కొత్త జవాబు చెప్పకుండా ఆ కాగితమే చూపించండి. అడగడం ఒక్కరోజులో ఆగిపోదు.

‘ఇంకెప్పుడూ చేయను’ అని మాత్రం రాయించకండి. తన చేతుల్లో లేని దానికి మాటిచ్చి తప్పితే వాడి నెత్తిన రెండో తప్పు పడుతుంది. ‘మోత ఎక్కువైతే అమ్మ చెయ్యి లాగుతాను’ అన్నది చేయగలిగిన పని. అలాగే ‘గంగమ్మ తల్లి కళ్ళు పోగొడుతుంది’ లాంటి మాటలు ఇంట్లో ఎవరన్నా ఆపండి. మాటను ఉన్నదున్నట్టు నమ్మే పిల్లవాడు కళ్ళు ఎప్పుడు పోతాయా అని రాత్రంతా మేలుకుంటాడు.

తల కొట్టుకునేటప్పుడు దిండు అడ్డం పెట్టండి, బోధ చేయకండి. ఇది రెండు నెలలుగా సాగుతోంది కాబట్టి మానసిక వైద్యుడికి చూపించడం ఆలస్యం చేయొద్దు. ఆటిజంతో పాటు ఆందోళన, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పదే పదే వేధించే జబ్బు) ఉండటం మామూలే, అడిగిందే అడగడం వాటి వల్ల కూడా కావచ్చు. మీ తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు, ఆటిజం ఉంది. నాలుగేళ్ళ కిందట స్నేహితురాలు నా సొంత విషయం క్లాసులో అందరికీ చెప్పేసింది. సారీ అంది, నేనూ సరే అన్నాను. అయినా గుర్తొస్తే నిన్న జరిగినట్టే ఉంటుంది. ‘మనసులో పెట్టుకోకు’ అంటారు ఇంట్లో. నాకు క్షమించడం రాదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీకు గుర్తుండటం వేరు, పగ పెట్టుకోవడం వేరు. ఆ రోజు వేసుకున్న బట్టలతో సహా గుర్తుండే మనసుకు మరిచిపోవడం కుదరదు. మరవకుండానే క్షమించవచ్చు.

ఒకటి చూసుకోండి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు పొరపాటున జరిగిన కీడుకూ, తలపెట్టి విఫలమైన కీడుకూ ఏది ఎంత తప్పు అన్న విషయంలో అంతగా తేడా చూపలేదని తేలింది. జరిగిన నష్టం ముందు ఉద్దేశం చిన్నదైపోతుంది. అందుకని రాసుకోండి: అది రహస్యమని నేను ఆమెకు నోటితో చెప్పానా? చెప్పకపోతే ఆమెకు తెలియకపోయి ఉండొచ్చు. ఆటిజం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకరినొకరు రెండు వైపుల నుంచీ అపార్థం చేసుకుంటారని ఆటిజం మీద పనిచేసే పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే రాశారు. చెప్పి ఉంటే మాత్రం మీ బాధకు పూర్తి కారణం ఉంది, దాన్ని తగ్గించుకోనక్కర్లేదు.

క్షమించడమంటే పాత చనువంతా తిరిగి ఇచ్చేయడమని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ముక్కలు చేసుకోండి: పలకరిస్తానా, పెళ్ళికి వెళ్తానా, సొంత విషయం చెబుతానా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అనొచ్చు. ఆమెకు ‘నీ మీద కోపం లేదు, కానీ సొంత విషయాలు మాత్రం చెప్పను’ అని మెసేజ్ పెడితే చాలు. తలపు తిరిగొస్తే, రోజూ ఒకే వేళ పదిహేను నిమిషాలు దాని గురించి రాసి నోటుబుక్కు మూయండి. వేరే వేళల్లో వస్తే ‘సాయంత్రం ఆరింటికి’ అని వాయిదా వేయండి.