మళ్లీ అడవి అవుతున్న నేలకు వెళ్లేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

రీవైల్డింగ్, అంటే మనిషి వాడుకున్న నేలను మళ్లీ ప్రకృతికి వదిలేసే పని, జరుగుతున్న చోటు ఏదైనా చూసి రావాలని ఉందని, ఎలా ఎంచుకోవాలో చెప్పమని రాశావు. చాలా సంతోషించాను. ముందుగా నీ కంటిని సిద్ధం చేసుకో. అక్కడ నీకు కనిపించేది ఇంకా పూర్తిగా అడవి కాని నేల. ఒకప్పటి పొలమో పశువుల బీడో ముళ్లపొదలతో, ఎండిన మానులతో, బురద గుంటలతో నిండి, మొదటిసారి చూసేవాళ్లకు పాడుబడినట్టే అనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లోని నెప్ ఎస్టేట్‌నే తీసుకో. బంకమట్టి నేలలో సేద్యం గిట్టుబాటు కాక, యజమానులు 2001 నుంచి దాదాపు 3,500 ఎకరాలను క్రమక్రమంగా ప్రకృతికి వదిలి, పాత జాతుల ఆవులను, పోనీలను, పందులను, జింకలను స్వేచ్ఛగా తిరగనిచ్చారు. అలాంటి చోట ముళ్లపొదను విసుక్కుంటూ దాటిపోకుండా, వంగి లోపలికి చూడు. ముళ్ల మధ్య జానెడు ఓక్ మొక్క కనిపించవచ్చు. కాకి జాతికి చెందిన జే పక్షి చలికాలం కోసం నేలలో దాచుకుని మరిచిపోయిన గింజ నుంచి మొలిచిన మొక్క అది. చుట్టూ ముళ్లు ఉన్నందువల్లే జింక మూతికి అందలేదు, పొదను మించి ఎదిగేదాకా దానికి అదే కంచె. ఆ ఒక్క మొక్క సంగతి అర్థమైతే, నేలను దాని మానాన వదలడమంటే ఏమిటో చాలావరకు తెలిసినట్టే.

డబ్బు విషయం మొహమాటపడకుండా అడుగు. రువాండాలో పర్వత గొరిల్లాలను చూడటానికి మనలాంటి విదేశీయులు 1,500 డాలర్లు చెల్లించాలి. ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందిని, అదీ గంటసేపే పంపుతారు. జాతీయ పార్కుల పర్యాటక ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు కేటాయిస్తారు. అంత ఖరీదు అందరూ పెట్టలేరు గాని, ఎక్కడికి పోతుందో చెప్పి తీసుకునే డబ్బును నేను గౌరవిస్తాను. పర్యావరణహితమని బోర్డు పెట్టుకుని, తమ దగ్గర పనిచేసేవాళ్లలో ఆ ప్రాంతం వాళ్లు ఎందరో చెప్పలేని విడిదికి వెళ్లకు. అన్నట్టు, జలుబు చేసి ఉంటే గొరిల్లాల దగ్గరికి అసలు వెళ్లకు. మనకు రెండు రోజుల్లో తగ్గిపోయే జబ్బు వాటి ప్రాణం మీదికి రావచ్చు.

జంతువును తప్పకుండా చూపిస్తామని మాట ఇచ్చేవాళ్లను నమ్మకు. అర్జెంటీనాలోని ఇబెరా చిత్తడి నేలల్లో దశాబ్దాల క్రితమే కనుమరుగైన జాగ్వార్లను, అంటే చిరుతను పోలిన పెద్ద మృగాలను, 2021లో మళ్లీ వదిలారు. అవి నీ కంటపడకుండా తిరుగుతున్నాయంటే, ఆ పని సవ్యంగా సాగుతున్నట్టే.

గైడును ఎంచుకునేటప్పుడు, ఏం దెబ్బతిందో కూడా చెప్పగలిగిన మనిషిని వెతుక్కో. నెదర్లాండ్స్‌లో ఇలాగే ప్రకృతికి వదిలిన ఓస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్‌ అనే చోట కంచె లోపల పశువులు, గుర్రాలు, జింకలు అదుపు లేకుండా పెరిగి, 2017-18 చలికాలంలో మేత చాలక మూడు వేలకు పైగా చనిపోయాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని, ఎలాగూ బతకవని, అక్కడి సిబ్బందే కాల్చి చంపవలసి వచ్చింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో 1995, 1996లలో కెనడా నుంచి తెచ్చి వదిలిన 31 తోడేళ్ల కథ నువ్వు వినే ఉంటావు: అవి ఎల్క్ జింకలను తగ్గించడంతో, ఆ జింకలు మేసే చెట్లూ పొదలూ మళ్లీ పెరిగాయని. విల్లో పొదలు కొన్నిచోట్ల తిరిగి లేచిన మాట నిజం, కానీ జింకలు తగ్గడంలో తోడేళ్ల వాటా ఎంత, ఎలుగుబంట్లదీ వేటగాళ్లదీ ఎంత అన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదననూ వినిపించే గైడు దొరికితే వదులుకోకు.

ఇక నీ బూట్లు. ఒకసారి ప్రయాణానికి ముందు రాత్రి నా బూట్లు తిరగేసి చూస్తే, అడుగున గాళ్లలో ఎండిన మట్టి, లేసుల ముడుల్లో గడ్డి గింజలు కనిపించాయి. అంతకుముందు వెళ్లిన వేరే దేశపు బీడులో అంటుకున్నవి అవి. చూడకపోతే ఆ కలుపును నా చేతులతో నేనే కొత్త నేలలో నాటి ఉండేవాణ్ణి. గట్టి బ్రష్షుతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టెలో సర్దుకో. మేజోళ్లు, సంచి అడుగు, గుడారం మేకులు కూడా చూసుకో.

నాలుగు చోట్లు చుట్టేయకుండా ఒక్క చోటే వారం పది రోజులు ఉండు. విమాన ప్రయాణాలు తగ్గుతాయి, నేల కాస్త పరిచయమవుతుంది. తేదీలు ఖాయం చేసుకునేముందు, పక్షులు గూళ్లు కట్టే కాలం, జంతువులు ఈనే కాలం ఎప్పుడో అక్కడివాళ్లకు రాసి తెలుసుకో. వాళ్లు వద్దన్న నెలలో టిక్కెట్టు ఎంత చవకగా దొరికినా కొనకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న