ఆగితే హీటెక్కుతున్న కారుకి థర్మోస్టాట్ పీకించకండి

పాలకొల్లు నుంచి భీమవరం దాకా ఖాళీ రోడ్డులో టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది, ఊళ్లో ట్రాఫిక్‌లో ఏసీతో ఆగితే పైకి పోతోంది, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వు) పీకేసి రేడియేటర్‌లో బోరు నీళ్లు పోద్దామని మెకానిక్ అంటున్నాడు, చేయించనా అని అడిగారు. రెండూ వద్దండి.

సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. బండి పరుగులో ఉంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోంచి పోతుంది, ఆగితే ఫ్యాన్ లాగాలి. కాబట్టి ముందు అనుమానం ఫ్యాన్ మీద, గాలి దారి మీద. హైవేలో కాగుతుంటే అప్పుడు రేడియేటర్ లోపల పూడిక, వాటర్ పంపు, థర్మోస్టాట్ చూడాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఫ్యాన్ కొద్ది సెకన్లలోనే అందుకుంటుంది. అందుకోకపోతే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు. రెండు స్పీడుల ఫ్యానైతే రెసిస్టర్ (చిన్న స్పీడుకి కరెంటు తగ్గించేది) కాలి చిన్న స్పీడు పోవడం మామూలే: బాగా కాగాక ఒక్కసారి హోరుమని తిరుగుతుంది. తిరుగుతున్నా నీరసంగా ఉంటే మోటారు బ్రష్‌లు అరిగినట్టే.

ఫ్యాన్ బాగుంటే, మన గోదావరి వైపు అసలు దొంగ తాలు. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు మిషన్లు లేపే దుమ్ము, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తాలూకు తాలు, గడ్డి తునకలు అన్నీ గ్రిల్‌లోకే వస్తాయి. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని బయటికి వదిలేది), వెనక రేడియేటర్, మధ్యలో వేలు దూరని సందు. బయటి నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది, ఆ సందులో మాత్రం దుమ్మూ పురుగులూ కలిసి అట్టకట్టి ఉంటాయి. పైగా ఉక్కపోతలో ఏసీ గాలిలోని తేమను కూడా పిండాలి, ఆ వేడంతా కండెన్సర్ నుంచి రేడియేటర్ మీదకే. ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్లు (రేడియేటర్ మీది పల్చటి రేకులు) పడుకుంటాయి. వదలకపోతే రేడియేటర్ పై బ్రాకెట్లు విప్పి సందు పెంచి కడిగించాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండైతే ఫిన్లను గోటితో తాకి చూడండి. ఉప్పుగాలికి పొడిగా రాలుతుంటే ఇక కడగడం దండగ, రేడియేటర్ మార్చాల్సిందే.

బోరు నీళ్ల సంగతి. నరసాపురం, మొగల్తూరు పక్క చాలా బోర్లు ఉప్పన. అందులోని క్లోరైడ్ అల్యూమినియాన్ని చిల్లులు పడేలా తింటుంది, కాఠిన్యం హెడ్ (ఇంజిన్ పై భాగం) దగ్గర పొలుసుగా పేరుకుంటుంది. కాలవ నీళ్లలో ఒండ్రు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి (యాసిడ్ డబ్బా కాదు, లేబుల్ చూసుకోండి).

మనకి గడ్డకట్టే చలి లేదు. గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య ద్రవం) కన్నా నీళ్లే వేడిని బాగా మోస్తాయి, కానీ మూడో వంతు కన్నా కూలెంట్ తగ్గితే తుప్పు నిరోధకం చాలదు. కంపెనీ పుస్తకంలో వేరేగా లేకపోతే 40 పాళ్లు కూలెంట్, 60 పాళ్లు నీళ్లు చాలు. సిస్టమ్ 6 లీటర్లదైతే కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) 2.4 లీటర్లు. ఫ్లష్ చేశాక (పాతది తీసి కడిగాక) లోపల కొంత నీరు మిగులుతుంది, అందుకే ముందు ఆ 2.4 పోసి, తర్వాత నీళ్లతో నింపండి. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలపకూడదు. రంగు చూసి కూలెంట్ కొనకండి, రకం చూడండి.

నింపాక హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ముందు టైర్లు కాస్త ఎత్తులో ఉంచి, రేడియేటర్ మూత తెరిచి, చల్లని ఇంజిన్‌ని ఐడిల్‌లో వదలండి. బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి. గాలి మిగిలితే ఎంత మంచి కూలెంటైనా వృథా. మూత మీద 0.9 లేక 1.1 బార్ అని ఉంటుంది, మార్చినా అదే రేటింగ్ వేయండి. రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే మరిగే ఉష్ణోగ్రత 20 డిగ్రీల వరకూ కిందికి దిగిపోతుంది.

థర్మోస్టాట్ పీకేస్తే ఇంజిన్ తగినంత వేడెక్కదు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఎక్కువ పెట్రోలు పోస్తుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి మూసేది కూడా అదే, తీసేస్తే కూలెంట్ రేడియేటర్ దాకా పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా కాగుతుంది. అనుమానముంటే దారానికి కట్టి గిన్నెలో నీళ్లు కాచి చూడండి. దాని మీద ఉన్న 82 లేక 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

ఈలోగా దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేసి, పక్కకి ఆపండి. కనీసం అరగంట మూత ముట్టుకోవద్దు, వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్ వంగుతుంది.