షుగర్, బీపీ ఉన్నాయి, రోస్ట్ చికెన్ తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారికి 54 ఏళ్లు. షుగర్‌కీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు, ఈమధ్య కొలెస్ట్రాల్ కూడా పెరిగింది. ఆదివారం చికెన్ లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. మా అబ్బాయి ఓవెన్ కొనిచ్చాడు. రాత్రిపూట అందులో కోడిని రోస్ట్ చేసి పెట్టొచ్చా, అసలు చికెనే మాన్పించాలా?

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా, నిశ్చింతగా పెట్టండి. మన గోదావరి జిల్లాల్లో ఆదివారం కోడికూరంటే నూనె పైకి తేలాలి, జీడిపప్పు ముద్ద పడాలి, కంచంలో అన్నం గుట్టలా ఉండాలి, చివర్లో ఆవకాయ కూడా కావాలి. మావారికి చికెన్ పడట్లేదండీ అని వచ్చేవాళ్లలో చాలామందికి పడనిది ఇదంతా. తోలు తీసి వండిన కోడిమాంసం 100 గ్రాములు తింటే 25 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, కొవ్వు తక్కువే.

రోస్ట్‌కి నాటుకోడి వద్దు, గట్టిపడిపోతుంది. కిలో పైచిలుకు ఉండే బ్రాయిలర్‌ని స్కిన్‌లెస్ చేయించి, ముక్కలు కొట్టించకుండా ఎముక దాకా గాట్లు పెట్టించండి. గడ్డపెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు, మిరియాలు, ధనియాల పొడి, నిమ్మరసం, రెండు టీస్పూన్ల నూనె, ఒకే ఒక్క టీస్పూన్ ఉప్పు కలిపి పట్టించి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి, మన ఉక్కపోతకి గట్టు మీద వదిలేయొద్దు. ఉప్పు గురించి గట్టిగా చెబుతున్నాను: రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే సుమారు ఒక టీస్పూన్, కాబట్టి ఆ రాత్రి పచ్చడి జాడీ తీయకండి.

తోలు లేని కోడి ఓవెన్‌లో ఎండిపోతుంది. అందుకే సెగ చూపించిన అరిటాకులో చుట్టి 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు, తర్వాత ఆకు విప్పి ఇంకో అరగంట పెట్టండి, పక్కనే ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్ వేస్తే ఆ రసంలోనే మగ్గుతాయి. తొడ దగ్గర మందంగా ఉన్నచోట చాకు గుచ్చితే నీరు తేటగా రావాలి, థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపించాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చాక చికెనంటే భయపడేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఆ వేడి లోపలి దాకా తగిలితే ఆ వైరస్ గానీ సాల్మొనెల్లా బాక్టీరియా గానీ బతకవు.

అసలు ప్రమాదం పచ్చిమాంసం దగ్గరే. కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర్లు గిన్నెల మీదా కూరగాయల మీదా పడతాయి, పచ్చిమాంసం కోసిన కత్తిపీట మీదే కీరదోస తరిగితే విరేచనాలు పట్టుకుంటాయి. కడగకుండా వండినా నష్టం లేదు. మీకు మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, సింకునీ చేతుల్నీ సబ్బుతో శుభ్రం చేసుకోండి.

కంచంలో సగం కూరగాయలు, పావు వంతు చికెన్, పావు వంతు అన్నం లేదా రెండు పుల్కాలు. రోస్ట్ ఉంది కదా అని అన్నం పూర్తిగా తీసేయకండి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడుతుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఎనిమిదింటికల్లా తినిపించేయండి.

మీవారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎంతో మీరు రాయలేదు. అది ఎక్కువగా ఉంటే ప్రొటీన్ తగ్గించాల్సి వస్తుంది, కాబట్టి ఆ పరీక్ష ఈమధ్య చేయించకపోతే ముందు చేయించండి. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసి ఆ అంకె రాసి పెట్టుకోండి, మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టర్ దాన్ని చూసి చెబుతారు.