నాన్నకి, తాతకి పక్షవాతం వచ్చింది, జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

నాన్నగారికి, తాతగారికి ఇద్దరికీ స్ట్రోక్ వచ్చింది, మీకు 36 ఏళ్లు, జీన్ టెస్టుకి డబ్బు పెట్టాలా వద్దా అని కదా మీ సందేహం. ఆ డబ్బు ప్రస్తుతానికి పక్కన పెట్టి, నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. వచ్చింది ఏ రకం స్ట్రోకో ముందు తెలియాలి.

మా నాన్నకి చెయ్యి పడిపోయాక ఇదే ప్రశ్న పంజాగుట్టలో ఒక న్యూరాలజిస్టుని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా రిపోర్టులో ఒక లైన్ కింద పెన్నుతో గీత గీశారు. మెదడు లోపలి రక్తనాళం సన్నబడింది అని ఉంది అందులో. మన హైదరాబాద్‌లో ఈ రకం బాగానే కనిపిస్తుందన్నారు. గుండెలో గడ్డ కట్టి పైకి వెళ్లి ఉంటే లెక్క వేరట. జన్యువులూ అంతే: పిట్ఎక్స్2 అనే జన్యువు దగ్గరి తేడా గుండె లయ తప్పడానికి, అటునుంచి గడ్డలకి దారితీయొచ్చు, హెచ్‌డీఏసీ9 అనే జన్యువు దగ్గరిది పెద్ద రక్తనాళాలు పూడుకుపోవడానికి. 2022లో వచ్చిన గిగాస్ట్రోక్ అధ్యయనం ఇలాంటి చోట్లు 89 గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం చాలా తక్కువ. పైగా ఈ లెక్కల్లో యూరప్ మూలాల వాళ్లే ఎక్కువ.

మా తమ్ముడు ఆగలేక ఉమ్మి శాంపిల్ పంపాడు. 'సగటు కంటే కాస్త ఎక్కువ' అని రంగురంగుల రిపోర్టు వచ్చింది. ఉప్పు తగ్గించమని, నడవమని సలహా. ఆ ముక్క మా అమ్మ ఫీజు లేకుండా రోజూ చెబుతూనే ఉంది! అదే వారం బీపీ చూపిస్తే 150/96. మాత్ర మొదలైంది ఆ అంకె చూసి, జీన్ రిపోర్టు చూసి కాదు.

2018లో బ్రిటన్‌లో 3 లక్షల మందికి పైగా చూసిన అధ్యయనం ఒకటుంది. జన్యు స్కోరు, అంటే ఇలాంటి చిన్న తేడాలన్నీ కలిపి వేసిన లెక్క, ఎక్కువున్న వాళ్లకి, తక్కువున్న వాళ్లకంటే స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువ. పొగతాగడం, తిండి, బరువు, వ్యాయామం చాలావరకు అధ్వానంగా ఉన్న వాళ్లకి, చాలావరకు బాగున్న వాళ్లకంటే 66 శాతం ఎక్కువ.

ఒకే జన్యువు వల్ల వచ్చే అరుదైన జబ్బు అని అనుమానం ఉంటే మాత్రం టెస్ట్ పనికొస్తుంది. మీ ఇంట్లో నలభై, యాభైల్లోనే చిన్న చిన్న స్ట్రోకులు, మెరుపులు కనిపించే మైగ్రేన్, తర్వాత మతిమరుపు వరసగా వస్తుంటే అది కాడాసిల్ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. నాచ్3 అనే ఒకే జన్యువులో మార్పు, పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. అలాగైతే నాన్నగారి ఎమ్మారై పట్టుకుని నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. టెస్ట్ ముందు చేయాల్సింది నాన్నగారికి, మీకు కాదు.