సమాధానం: సిమ్ లేని ట్యాబుల్లో టైమ్ తప్పడం, స్టాఫ్ టైమ్ మార్చేయడం

అన్నా, అల్లూరు రొయ్యల చెరువుల కాడ సిమ్ లేని మీ వైఫై ట్యాబుల్లో మీరడిగిన సమస్యలు రెండు: టైమ్ దానంతటదే తప్పడం, స్టాఫ్ టైమ్ మార్చేయడం. దేని మందు దానికే.

స్టాఫ్ టైమ్ వెనక్కి జరిపి రీడింగులు ఎక్కించకుండా, కన్సోల్‌లో (ట్యాబులన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే పేజీ) తేదీ, టైమ్ మార్చే వీలు ఆపేసే పాలసీ, అంటే ట్యాబులకు పంపే రూల్, పెట్టండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది. ట్యాబు పూర్తిగా కంపెనీ మేనేజ్‌మెంట్‌లో ఉండాలి. స్టాఫ్ సొంత ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లకు విడిగా ఉండే భాగం) మాత్రమే ఉంటే ఇది పనిచేయదు.

సిమ్ లేకపోతే ఆటో టైమ్ జోన్‌ను నమ్మకండి. దాన్ని ఆఫ్ చేసి, జోన్‌ను 'ఏషియా/కోల్‌కతా' అని పాలసీలోనే ఇవ్వండి. ఆటో జోన్ ఆన్‌లో ఉంటే మీరిచ్చిన జోన్‌ను ఆండ్రాయిడ్ తీసుకోదు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఆటో టైమ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి, అది ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకునే వేరే సెట్టింగు. సరిగ్గా 5:30 గంటల తేడా కనిపిస్తే తప్పు జోన్‌దే. తేడా అడ్డదిడ్డంగా ఉంటే రౌటర్‌లో బయటికెళ్లే యూడీపీ 123 పోర్టు (ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే దారి) మూసుందేమో చూడండి.

బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయిన ట్యాబుకు సురక్షిత కనెక్షన్‌కు కావలసిన సర్టిఫికెట్ చెల్లదు, పాలసీ కూడా చేరదు. అందుకే టైమ్ మార్చే వీలు ఆపేసే పాలసీ పెట్టకముందే ఒకసారి చేత్తో తేదీ సరిచేసి, సింక్ కొట్టండి (కన్సోల్‌తో కలిసేలా).