ముందు రేడియో జోలికి పోకు

హైదరాబాద్,
ఆదివారం

బుజ్జీ,

నువ్వు ఏఎస్ఓసీ, అదే సరదాకి సొంత రేడియో స్టేషన్ పెట్టుకునే హామ్‌ల లైసెన్స్ పరీక్ష, పాసైన సంగతి మీ అమ్మ ముందే చెప్పింది. "వైర్‌లెస్ ఆఫీసర్ పరీక్ష" అని వీధంతా చెప్పుకుంటోందట. సరిదిద్దకు, సంతోషంగా ఉంది పాపం.

"ట్రాన్స్‌సీవర్ నేనే చేసుకుంటాను మామయ్యా, వినడానికీ పంపడానికీ ఒకటే రేడియో, ఏ పార్ట్స్ కొనాలో లిస్టు పంపు" అన్నావు. లిస్టు పంపను. ఫోన్లో చెబితే సగం విని "ఆఁ, అర్థమైంది" అంటావు కాబట్టి కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

ముందు రేడియో జోలికి పోకు. దానికంటే ముందు రెండు చిన్న వస్తువులు చేసుకో. ఒకటి డమ్మీ లోడ్, రెండోది ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు) ఎక్కడుందో చూపే ప్రోబ్.

డమ్మీ లోడ్ అంటే ఏమీ లేదు, యాంటెనా బదులు తగిలిస్తే పవర్‌ని గాల్లోకి పోనీకుండా వేడిగా మార్చేసేది. 1 కిలో ఓం, 1 వాట్ కార్బన్ రెసిస్టర్లు 20 తీసుకుని, రెండు రాగి బోర్డు ముక్కల మధ్య అన్నిటినీ ప్యారలల్‌గా సోల్డర్ చెయ్యి. 50 ఓంలు వస్తుంది, 20 వాట్లు తట్టుకుంటుంది. తెల్లగా సిమెంటు దిమ్మెల్లా ఉండే రెసిస్టర్లు మాత్రం వద్దు. వాటి లోపల ఉండేది చుట్టిన తీగ. అది ఆర్ఎఫ్‌కి రెసిస్టర్‌లా కాదు, కాయిల్‌లా కనిపిస్తుంది. లైసెన్స్ కాగితం చేతికొచ్చేదాకా నీ ట్రాన్స్‌మిటర్ పవరంతా ఈ డమ్మీ లోడ్‌లోకే వెళ్లాలి. యాంటెనాకి ఒక్క సెకను కూడా తగిలించకు. ఇందులో మామయ్య, మేనకోడలు అన్న మొహమాటం లేదు.

ప్రోబ్ ఇంకా చిన్నది. 103 అని రాసి ఉండే డిస్క్ కెపాసిటర్ ఒకటి, 1ఎన్4148 డయోడ్ ఒకటి, 4.7 మెగా ఓం రెసిస్టర్ ఒకటి. పాత బాల్‌పెన్ గొట్టంలో పెట్టి మల్టీమీటర్‌కి తగిలిస్తే సర్క్యూట్లో ఆర్ఎఫ్ ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది. ఆసిలోస్కోప్ లేదని ఏడవక్కర్లేదు.

వీటి మీద ఎందుకింత పట్టు అంటే, నేను తెలివితక్కువగా రేడియోతోనే మొదలుపెట్టాను కనుక. ఎనభైల్లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. పదిహేను రాత్రులు కూర్చుని ట్రాన్స్‌మిటర్ మొత్తం ఒకే బోర్డు మీద బిగించి, దండం పెట్టుకుని స్విచ్ వేశాను. సన్నగా పొగ వచ్చింది, అంతే. ఏది పోయిందో తెలీదు, ఎందుకంటే అసలు ఏది పనిచేసిందో నాకు తెలీదు. మూడు నెలలు తిప్పలు పడి చివరికి అంతా ఊడదీస్తే ఒక ట్రాన్సిస్టర్ కాళ్లు తిరగబడి ఉన్నాయి. బీసీ547 చదునైన ముఖం నీ వైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. షాపులో ఒకటి దొరక్క రెండోది తెచ్చి, బొమ్మలో ఉన్నట్టే గుచ్చేశాను. ఇద్దరూ నల్లగా, పొట్టిగా కవల పిల్లల్లా ఉంటారు మరి.

అందుకని ఒక స్టేజి, అంటే సర్క్యూట్లో ఒక్క పని చేసే భాగం, కట్టు, పరీక్షించు, ఒక్కో కాలు దగ్గర ఎంత ఓల్టేజి ఉందో నోట్‌బుక్‌లో రాసుకో. ఆ తర్వాతే రెండో స్టేజి. ఆ నోట్‌బుక్కే నీకు అసలు ఆస్తి, రేడియో కాదు.

మొదలు రిసీవర్. చివరి నుంచి వెనక్కి రా. ముందు స్పీకర్, ఎల్ఎం386 ఆడియో యాంప్లిఫయర్. ఇన్‌పుట్‌ని స్క్రూడ్రైవర్ మొనతో ముట్టుకుంటే బుర్ర్‌మని శబ్దం రావాలి. వచ్చిందా, ఆ స్టేజి అయిపోయినట్టే. తర్వాత వీఎఫ్ఓ, అంటే స్టేషన్ ట్యూన్ చెయ్యడానికి ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగం. దాని తర్వాత మిక్సర్, యాంటెనా సిగ్నల్‌ని వీఎఫ్ఓతో కలిపి చెవికి వినిపించేలా మార్చేది. దీన్ని డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ అంటారు. పెద్ద గొప్పదేం కాదు, డయల్ మీద ఒకే స్టేషన్ రెండు చోట్ల వినిపిస్తుంది. అయినా 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గర హామ్‌లు మాట్లాడుకునే చోటు) నీ చేత్తో చేసిన డబ్బాలోంచి వినిపించిన రోజు అన్నం సహించదు, చూడు. పని పూర్తయ్యాక చెబితే ఒక ఉదయం 7 గంటలకు ఇక్కణ్ణుంచి మోర్స్‌లో నా కాల్ సైన్ పంపుతాను. మనిద్దరి మధ్య నాలుగొందల కిలోమీటర్లు. పగటి పూట 40 మీటర్లకి సరిగ్గా సరిపోయే దూరం, 5 వాట్లు చాలు.

వీఎఫ్ఓ దగ్గర మాత్రం నీ ఓపికకి పరీక్షే. వేడి మారితే చాలు, ఫ్రీక్వెన్సీ జారిపోతూ ఉంటుంది. నా మొదటి వీఎఫ్ఓ వేసవిలో ఒక చోట, వానాకాలంలో ఒక చోట ఉండేది. ఫ్యాన్ వేస్తే ఒక వైపు, ఆపితే ఇంకో వైపు జరిగేది. మీ అత్తయ్య ఫ్యాన్ వేసుకుని పడుకోవాలి, నేను ఫ్యాన్ ఆపి రేడియో వినాలి. ఆ గొడవ తీరడానికి రెండేళ్లు పట్టింది. వేడికి విలువ మారని ఎన్‌పీ0 రకం కెపాసిటర్లే వాడు, కాయిల్ బిగుతుగా చుట్టి కదలకుండా మైనమో నెయిల్ పాలిషో పుయ్యి, మొత్తాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత వెయ్యి. కాయిల్ వైరు కోసం ఎలక్ట్రానిక్స్ షాపుల చుట్టూ తిరగకు. మీ కాకినాడలో మోటార్ వైండింగ్ చేసే ఏ షాపుకైనా వెళ్లి 28 గేజ్ ఎనామిల్ వైరు అడుగు, తూకం వేసి ఇస్తారు. చివర్లు బ్లేడుతో శుభ్రంగా గీకాకే సోల్డర్ చెయ్యి. సోల్డర్ మెరుస్తూ పట్టుకున్నట్టే ఉంటుంది కానీ కింద ఎనామిల్ ఉంటే కరెంటు పోదు.

ఫ్రీక్వెన్సీ పుట్టించే ఎస్ఐ5351 మాడ్యూల్, దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెడితే ఈ బాధేదీ ఉండదని నువ్వంటావు. నిజమే, రాయిలా కదలకుండా నిలబడుతుంది. నేనూ ఇప్పుడు అదే వాడుతున్నాను. కానీ కాయిల్‌తో ఒక్కసారి చేసి చూడు. జారడం అంటే ఏమిటో నీ చెవికి తెలిశాక మాడ్యూల్ పెట్టుకో.

రిసీవర్ వినిపించాక బిటెక్స్ అనే ట్రాన్స్‌సీవర్ సర్క్యూట్ ముందేసుకుని చదువు. ఇరవై ఏళ్ల కిందట మన హైదరాబాద్‌లోనే అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసింది. మన షాపుల్లో దొరికే మామూలు పార్ట్స్‌తో అయ్యేలా ఆలోచించి చేశారు. వినేటప్పుడు వాడిన స్టేజీలనే మాట్లాడేటప్పుడు వెనక్కి తిప్పి వాడతారు, అదీ అందులోని చమత్కారం. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని కట్టుకుంటోంది. కోఠి గుజరాతీ గల్లీలో పార్ట్స్ కోసం సంచీ పట్టుకుని తిరిగిన వాడిగా నాకు అది కాస్త గర్వం. కిట్ కొంటే తప్పా అని అడిగావు. తప్పేం లేదు. కాకపోతే కిట్ పాడైన రోజున నీ రిసీవర్ అనుభవమే అక్కరకొస్తుంది.

పవర్ పెంచి యాంటెనాకి పంపే చివరి స్టేజిలో ఐఆర్ఎఫ్510 అనే ట్రాన్సిస్టర్ వాడతారు. దాని లోహపు రేకు లోపల డ్రెయిన్ అనే కాలుకి కలిసి ఉంటుంది. మైకా పెట్టకుండా హీట్ సింక్‌కి బిగిస్తే షార్టే. దానిలో పారే కరెంటుని సరిచేసే బయస్ ప్రీసెట్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచు. నేను ఎన్ని కాల్చానో లెక్క లేదు, నువ్వూ నాలుగు ఎక్కువే కొను. దాని తర్వాత పై ఫ్రీక్వెన్సీలని ఆపే లో పాస్ ఫిల్టర్ తప్పనిసరి. అది లేకపోతే 7 మెగాహెర్ట్జ్‌తో పాటు 14 దగ్గరా, 21 దగ్గరా కూడా నువ్వే వినిపిస్తావు. పవర్ సప్లయి నువ్వు చెయ్యకు. కరెంటుతో ఆటలు తర్వాత. 12 ఓల్టుల యూపీఎస్ బ్యాటరీ, దానికో ఫ్యూజు, చాలు.

యాంటెనా సులువు. మధ్యలో సబ్బు డబ్బా, అటూ ఇటూ 33 అడుగుల చొప్పున రాగి తీగ. కరెంటు తీగలకి దూరంగా, మేడ మీద ఎంత ఎత్తు కుదిరితే అంత. మీది సముద్రపు గాలి, అతుకులు ఏడాదిలో పచ్చగా మారతాయి, ఎం-సీల్ పట్టించు. ఉరుము వినిపిస్తే కేబుల్ పీకి బయట పడెయ్యి.

"క్లబ్బులో అందరూ మగవాళ్లే, వెళ్లాలంటే ఎలాగో ఉంది" అన్నావు. ఉంటుంది. వాళ్లు నిన్ను వైఎల్ (యంగ్ లేడీ) అంటారు, మమ్మల్ని ఓఎం (ఓల్డ్ మ్యాన్) అంటారు, అది ఈ లోకపు భాష, పట్టించుకోకు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ పెట్టుకుని ఉన్న భారతీ ప్రసాద్ రోజుల తరబడి అక్కణ్ణుంచి సమాచారం చేరవేశారు. అప్పుడు ఆవిడ గొంతు వినడానికే అందరూ చెవులు రిక్కించారు. నువ్వు క్లబ్బుకి నీ రిసీవర్ పట్టుకుని వెళ్లు. ఉత్త చేతుల్తో వెళితే ప్రశ్నలు నిన్ను అడుగుతారు, బోర్డు పట్టుకుని వెళితే బోర్డుని అడుగుతారు.

సాయం అడిగేటప్పుడు "పనిచెయ్యట్లేదు" అనకు. ఏ స్టేజిలో, ఏ కాలు దగ్గర ఎంత ఓల్టేజి ఉందో చెప్పు. మావాళ్లలో చాలామంది అర్ధరాత్రి లేపినా జవాబు చెబుతారు, కాని ఊహించమంటే విసుక్కుంటారు. ఇంకోటి. మొదటిసారి గాలిలోకి వచ్చినప్పుడు అందరూ "59, 59" అంటారు, అంటే స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని, పెళ్లిలో భోజనం బాగుందన్నట్టు. నమ్మకు. "హోమ్‌బ్రూ రిగ్, నేనే చేసుకున్న సెట్టు, ఆడియో ఎలా ఉందో నిజం చెప్పండి" అని అడుగు. అప్పుడు ఎవరో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని అసలు సంగతి చెబుతాడు. ఆయన్ని వదలకు.

ఆర్టీసీ కార్గోలో చిన్న పార్సిల్ వేశాను. 1 కిలో ఓం రెసిస్టర్లు 25, రాగి బోర్డు ముక్కలు, డయోడ్లు, ఎల్ఎం386లు రెండు, నా పాత సోల్డరింగ్ ఐరన్. దాని వైరు ప్లగ్గు దగ్గర కొంచెం లూజు, ముందు అది మార్చుకో. ట్రాన్సిస్టర్లు కావాలనే వెయ్యలేదు. డమ్మీ లోడ్, ప్రోబ్ ఫొటోలు పంపు, అప్పుడు వేస్తాను.

నీ మామయ్య